పుస్తకంలో బొమ్మ వేరు, పేషెంటు పొట్ట వేరు: ప్యాంక్రియాస్ ఆపరేషన్లో పుట్టుకతో వచ్చే తేడాలు

(విశాఖపట్నంలో ఒక సర్జన్ ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాది మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. పీజీ పిల్లలు వెనక నిలబడిపోయారు, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి బాబూ. సిస్టర్స్ వచ్చారు, పేషెంట్ల ఇళ్లవాళ్లు కూడా కొంతమంది వచ్చారు, కాబట్టి వీలైనంతవరకు మామూలు మాటల్లోనే చెబుతాను. డాక్టర్లకి ఇది మాకు తెలిసిందే కదా అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే ఈ విషయంలో తెలుసు అనుకున్నదగ్గరే దెబ్బ తగులుతుంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ప్యాంక్రియాస్ మీద కత్తి పెట్టేముందు ఆ మనిషి లోపల రక్తనాళాలు ఎటు పోతున్నాయో, పేగు ఎటు తిరిగిందో, ప్యాంక్రియాస్ ఏ ఆకారంలో ఉందో ఆ మనిషి సీటీ స్కాన్‌లోనే చూసుకోవాలి. పుస్తకంలో కాదు, పోయిన వారం చేసిన కేసులో కాదు, ఆ మనిషి సీటీలో. ఇంకా రెండు మూడుసార్లు ఇదే మాట అంటాను, అనుకోనివ్వండి.

ముందు ప్యాంక్రియాస్ ఎక్కడుందో చూద్దాం. తెలుగులో క్లోమం అంటాం, కానీ ఓపీలో అందరూ ప్యాంక్రియాస్ అనే అంటారు. పొట్ట వెనక, వెన్నెముక ముందు అడ్డంగా పడుకుని ఉంటుంది. తల భాగం కుడివైపు, డ్యుయోడినం అనే చిన్నపేగు మొదటి మలుపులో ఇరుక్కుని ఉంటుంది. తోక ఎడమవైపు ప్లీహం దాకా పోతుంది. లివర్ నుంచి వచ్చే పిత్తనాళం ఈ తలలోంచే కిందకి దిగుతుంది. పేగులకి రక్తం ఇచ్చే పెద్ద ధమని, పేగుల నుంచి రక్తం తెచ్చే పెద్ద సిర, రెండూ దీన్ని ఆనుకునే ఉంటాయి. తలలో గడ్డ వస్తే కామెర్లు ఎందుకు వస్తాయో ఇప్పుడు అర్థమైంది కదా? పిత్తనాళం నొక్కుకుపోతుంది.

ఆ గడ్డ తీసే ఆపరేషనే విపుల్. ప్యాంక్రియాస్ తల, డ్యుయోడినం, పిత్తనాళం కింది భాగం, గాల్ బ్లాడర్, చాలాసార్లు జీర్ణాశయం చివరి భాగం, ఇవన్నీ ఒకే ముద్దగా తీసేసి, మిగిలిన ప్యాంక్రియాస్‌నీ పిత్తనాళాన్నీ జీర్ణాశయాన్నీ మళ్లీ పేగుకి కుడతాం. 1909లో జర్మనీలో కౌష్ ఇలాంటిది మొదటిసారి విజయవంతంగా చేశారు. 1935లో న్యూయార్క్‌లో అలెన్ విపుల్ తన కేసులు ప్రకటించాక ఆయన పేరే నిలిచిపోయింది. 1970ల దాకా కూడా ఈ ఆపరేషన్ అయిన నలుగురిలో ఒకరు దాని వల్లే చనిపోయేవారు. ఇప్పుడు తరచుగా చేసే సెంటర్లలో ఆ సంఖ్య నూటికి 5 కన్నా తక్కువ. ఇంత తగ్గడానికి కారణాలు చాలా ఉన్నాయి, మత్తు, ఐసీయూ, యాంటీబయాటిక్స్, అన్నీ కలిసొచ్చాయి. కానీ లోపలికి వెళ్లకముందే లోపలి మ్యాప్ చేతికి రావడం అందులో చాలా పెద్ద కారణమని నా గట్టి నమ్మకం.

మరి ఈ మ్యాప్ మనిషికీ మనిషికీ ఎందుకు మారుతుంది? తల్లి కడుపులో జరిగిన ప్రయాణం వల్ల. ప్యాంక్రియాస్ ఒకటిగా పుట్టదు, రెండు మొగ్గలుగా పుడుతుంది. ఒకటి వెనకవైపు, ఒకటి ముందువైపు. ఆరేడు వారాలప్పుడు ముందు మొగ్గ డ్యుయోడినంతో పాటు తిరిగి వెనక్కి వచ్చి, రెండోదానికి అతుక్కుంటుంది. వాటి నాళాలు కూడా కలుస్తాయి. అదే టైంలో పేగు మొత్తం బయటికి వెళ్లి, తిరిగి, లోపలికి వస్తుంది. లివర్‌కి మొదట్లో రెండు మూడు దారుల్లో రక్తం వస్తుంది, తర్వాత ఒక దారి నిలబడి మిగతావి మూసుకుపోతాయి. ఇన్ని పనులు అయిదారు వారాల్లో జరగాలి. ఎక్కడో ఒకచోట తిరగాల్సింది తిరగదు, మూసుకోవాల్సింది మూసుకోదు. చాలామందికి దాని వల్ల ఏ బాధా ఉండదు. డెబ్బై ఏళ్లు హాయిగా బతుకుతారు. సర్జన్ లోపలికి వెళ్లిన రోజే అది సమస్య అవుతుంది.

ఇప్పుడు అసలైనదానికి వస్తాను, లివర్‌కి వెళ్లే ధమని. దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, మధ్యలో ఆపకండి.

పుస్తకంలో ఏముంటుంది? పెద్ద ధమని నుంచి సీలియాక్ అనే కొమ్మ, దాంట్లోంచి కామన్ హెపాటిక్ ఆర్టరీ, అది కుడి ఎడమలుగా చీలి లివర్‌లోకి. ప్యాంక్రియాస్‌కి పైనుంచి పోతుంది. మైకేల్స్ అనే అనాటమిస్టు 200 శవాలని కోసి చూసి 1966లో తన లెక్క రాశారు. ఎంతమందిలో పుస్తకంలో ఉన్నట్టే ఉంది? నూటికి 55 మందిలో. 1994లో హయాట్ బృందం 1000 మంది దాతల లివర్లు చూసి నూటికి 76 దాకా అన్నారు. సరే, పెద్ద లెక్కే తీసుకుందాం. అయినా నలుగురిలో ఒకరికి పుస్తకం తప్పు. ఇది అరుదైన విషయం అంటారా? ఈ హాల్లో ఎంతమందిమి ఉన్నాం? మీరే లెక్కేసుకోండి.

ఇందులో విపుల్ చేసేవాడికి అన్నిటికన్నా ముఖ్యమైనది ఏది? కుడి హెపాటిక్ ఆర్టరీ పైనుంచి రాకుండా, కింద పేగులకి వెళ్లే ఎస్ఎంఏ నుంచి రావడం. పదిమందిలో ఒకరికి పైగా ఉంటుంది. ఎస్ఎంఏ నుంచి బయల్దేరి, ప్యాంక్రియాస్ తల వెనకనుంచి, పేగుల రక్తాన్ని లివర్‌కి తెచ్చే పోర్టల్ సిర వెనకనుంచి కుడివైపుకి వచ్చి, పిత్తనాళానికి కుడి పక్కన వెనకగా లివర్‌లోకి ఎక్కుతుంది. ఒక్కోసారి తల వెనక కాదు, తల లోపలినుంచే పోతుంది. అంటే మనం ఏ ముద్దని తీసేయాలని వెళ్లామో దాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. పిత్తనాళం కోసేటప్పుడు వెనక ఒకటి ఉందని తెలియకపోతే, కత్తెర దాని మీదకే వెళుతుంది.

సరే సార్, లివర్‌కి పోర్టల్ సిర నుంచి కూడా రక్తం వస్తుంది కదా, ఒక ధమని పోతే ఏమవుతుంది అని పీజీలు అడుగుతారు. మంచి ప్రశ్న. మామూలుగా ఉన్న లివర్ చాలాసార్లు తట్టుకుంటుంది. తట్టుకోనిది పిత్తనాళం. పిత్తనాళానికి కిందనుంచి గాస్ట్రోడ్యుయోడినల్ ఆర్టరీ, అంటే హెపాటిక్ నుంచి జీర్ణాశయం, డ్యుయోడినం వైపు దిగే కొమ్మ ద్వారా, పైనుంచి కుడి హెపాటిక్ ద్వారా రక్తం వస్తుంది. విపుల్‌లో మొదటిదాన్ని ఎలాగూ కట్టేస్తాం. ఇప్పుడు రెండోది కూడా పోతే ఆ పిత్తనాళం చివరని పేగుకి కుట్టాం, దానికి రక్తం ఎక్కడినుంచి వస్తుంది? కుట్టు ఊడి పైత్యం లీక్ అవుతుంది. లేదా లివర్‌లో చీము గడ్డలు కడతాయి. లేదా నెలల తర్వాత అతుకు సన్నబడి, జ్వరాలతో, మళ్లీ కామెర్లతో వస్తారు. ముందే కామెర్లున్న లివర్ అయితే ఇంకా బలహీనం.

కాబట్టి ఏం చేయాలి? ముందు సీటీలో చూడాలి. పోర్టల్ సిర వెనకనుంచి కుడివైపుకి ఒక ధమని పోతోందా అని. ఇది చూడ్డానికి రెండు నిమిషాలు చాలు. ఆపరేషన్లో కూడా, పిత్తనాళం కోసేముందు దాని వెనక వేలు పెట్టి నాడి కొట్టుకుంటోందా అని చూడాలి. సీటీ చూసినా సరే, వేలు పెట్టి చూడాలి. ఇప్పుడు చాలామంది ధమనిని ముందు వెతికే పద్ధతిలో చేస్తున్నారు, అంటే వెనకనుంచి ఎస్ఎంఏ మొదలు దగ్గరికి ముందే వెళ్లిపోవడం. ఈ ధమని ఉన్నవాళ్లలో ఆ పద్ధతి నిజంగా మేలు, బయల్దేరిన చోటే దాన్ని పట్టుకుంటాం.

గడ్డే ఆ ధమనిని పట్టేసి ఉంటే? అది కష్టమైన రోజు. వదిలేస్తే క్యాన్సర్ మిగులుతుంది, కోసేస్తే లివర్‌కి, పిత్తనాళానికి ముప్పు. కోసి మళ్లీ కుట్టవచ్చు, కట్టేసే గాస్ట్రోడ్యుయోడినల్ మొదలుకే దాన్ని అతికించినవాళ్లు ఉన్నారు. కొన్నిచోట్ల ఆపరేషన్‌కి ముందే ఇంటర్వెన్షనల్ రేడియాలజీ వాళ్లతో ఆ ధమనిని కాయిల్స్, అంటే సన్నటి లోహపు తీగ చుట్టలు పెట్టి మూయించేస్తారు, లివర్ లోపలి సన్నటి దారులు పెరగడానికి కొన్ని రోజులు టైం ఇచ్చి అప్పుడు ఆపరేషన్ చేస్తారు. కానీ ఇవన్నీ ముందు తెలిస్తేనే. పొట్ట తెరిచాక తెలిస్తే ఏ కాయిల్ పెడతారు, ఎప్పుడు పెడతారు?

ఇంకొకటి, దీనికన్నా అరుదు, దీనికన్నా భయంకరం. కొందరిలో, నూటికి ఒకరిద్దరిలో అనుకోండి, లివర్‌కి వెళ్లే మొత్తం ధమని, కామన్ హెపాటిక్కే, ఎస్ఎంఏ నుంచి వస్తుంది. ఉండాల్సిన చోట అది కనబడదు, ప్యాంక్రియాస్ వెనక ఎక్కడో ఉంటుంది. అది తెలియకుండా కోస్తే లివర్‌కి ధమని రక్తం మొత్తం పోతుంది. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ టెన్షనే. పిల్లలూ, పైన మామూలు చోట హెపాటిక్ ఆర్టరీ కనబడకపోతే, సన్నగా ఉందేమోలే అని ముందుకి వెళ్లకండి. ఆగండి. సీటీ మళ్లీ తెరిపించండి.

ఇదే కోవలో ఇంకో చిక్కు. సీలియాక్ ధమని మొదలు దగ్గర డయాఫ్రమ్, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర, దాని తాలూకు ఒక గట్టి పట్టీ ఉంటుంది. కొందరికి అది పుట్టుకతోనే కాస్త కిందకి ఉండి ధమనిని నొక్కేస్తుంది. మరి వాళ్ల లివర్‌కి రక్తం ఎలా వెళుతుంది? మన విశాఖలో హైవే మీద ఎన్ఏడీ జంక్షన్ దగ్గర రోడ్డు మూసేశారనుకోండి, బళ్లన్నీ గోపాలపట్నం, సింహాచలం, అడవివరం మీదుగా తిరిగి హనుమంతవాక దగ్గర తేలతాయి. హనుమంతవాకలో నిలబడ్డవాడికి ట్రాఫిక్ మామూలుగానే కనిపిస్తుంది. ఇక్కడా అంతే, ఎస్ఎంఏ నుంచి ప్యాంక్రియాస్ తల చుట్టూ ఉన్న సన్నటి నాళాల మీదుగా, గాస్ట్రోడ్యుయోడినల్‌లో వెనక్కి ప్రవహించి రక్తం లివర్‌కి చేరుతుంది. ఆ మనిషికి ఏ బాధా ఉండదు. ఇప్పుడు మనం విపుల్ అని వెళ్లి ఏం తీస్తున్నాం? ఆ సింహాచలం రోడ్డునే తీసేస్తున్నాం.

అందుకే గాస్ట్రోడ్యుయోడినల్ కట్టేముందు దాన్ని క్లాంప్‌తో మెల్లగా నొక్కి పట్టుకుని, హెపాటిక్ ఆర్టరీలో నాడి ఉందా లేదా అని చూడాలి. రక్తప్రవాహాన్ని పట్టి చూపించే డాప్లర్ ఉంటే ఇంకా మంచిది. నాడి తగ్గిపోతే కట్టకూడదు. ఆ పట్టీని కోసి వదులు చేస్తే చాలాసార్లు రక్తం తిరిగి వస్తుంది. రాకపోతే వేరే దారి వేయాలి. స్క్రబ్ సిస్టర్లూ, మీకు కూడా చెబుతున్నాను, సర్జన్ తొందరలో ఉంటే మీరు అడగండి, సార్ క్లాంప్ టెస్ట్ అయిందా అని. అడిగితే ఎవరూ ఏమీ అనరు, అనకూడదు కూడా.

ఇక పేగు తిరగకపోవడం. మాల్‌రొటేషన్ అంటాం. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. చాలామందికి చిన్నప్పుడే పచ్చ వాంతులతో బయటపడుతుంది, కొందరికి జీవితాంతం బయటపడదు. వీళ్లలో డ్యుయోడినం ఎడమవైపుకి దాటదు, చిన్నపేగంతా కుడివైపే ఉంటుంది. సిర కుడివైపు, ధమని ఎడమవైపు ఉండాలి కదా, ఇక్కడ తారుమారు అవుతాయి. సీటీలో దీన్ని పట్టించే గుర్తు కూడా అదే. విపుల్‌లో మనం అలవాటుగా ఎడమవైపు వెతికే పేగు మొదలు అక్కడ ఉండదు. అడ్డంగా పట్టీలు ఉంటాయి, వాటిని ముందు విడదీయాలి. చేయలేనిదేమీ కాదు, చేశారు, చేస్తున్నారు. ముందే తెలిస్తే ప్రశాంతంగా చేయవచ్చు.

అవయవాలన్నీ ఎడమది కుడికి, కుడిది ఎడమకి ఉండేవాళ్లు సుమారు 10,000 మందిలో ఒకరు. గుండె కుడివైపు, లివర్ ఎడమవైపు. ఇది కనీసం ఛాతీ ఎక్స్‌రేలోనే తెలిసిపోతుంది కాబట్టి నాకు భయం తక్కువ. సర్జన్ అవతలివైపు నిలబడతాడు, ప్రతి అడుగూ ఆలోచించి వేస్తాడు. అయితే వీళ్లకి రక్తనాళాల్లో వేరే తేడాలు కూడా ఉండవచ్చు, అది మరిచిపోకూడదు.

ఇప్పుడు ప్యాంక్రియాస్ ఆకారంలోనే వచ్చే తేడాలు.

డ్యుయోడినం చుట్టూ ప్యాంక్రియాస్ చుట్టుకుపోవడం అందరూ విన్నదే, యాన్యులర్ ప్యాంక్రియాస్. పుట్టిన బిడ్డకి వాంతులు, ఎక్స్‌రేలో రెండు గాలి బుడగలు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఎక్కువ. ఇందులో ఒకే ఒక్క మాట గుర్తుంచుకోండి, ఆ చుట్టుని కోయకూడదు. దాంట్లో నాళం ఉంటుంది, లీక్ అవుతుంది. పైపేగునీ కిందిపేగునీ కలిపి దాన్ని దాటించేస్తారు, అంతే.

దీనికన్నా విపుల్ సర్జన్‌ని ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. ప్యాంక్రియాస్ పోర్టల్ సిర చుట్టూ చుట్టుకోవడం. నూటికి ఒకరిద్దరిలో కనబడుతుంది, వెతికితేనే. మామూలుగా మనం ఏం చేస్తాం? సిర ముందు, ప్యాంక్రియాస్ మెడ, అంటే తలకీ మధ్య భాగానికీ నడుమ ఉండే చోటు, దాని వెనక ఒక సొరంగం చేసి అక్కడ మెడని కోస్తాం. ఒక కోత, ఒక ముఖం, దాన్ని పేగుకి కుడతాం. వీళ్లలో సిర ముందూ ప్యాంక్రియాసే, వెనకా ప్యాంక్రియాసే. రెండు చోట్ల కోయాలి. రెండు ముఖాలు వస్తాయి. అసలు నాళం ముందు ముఖంలో ఉందా, వెనక ముఖంలో ఉందా? వెనకదాన్ని గమనించకుండా వదిలేసి, నాళం అక్కడే ఉంటే, ప్యాంక్రియాస్ రసం పొట్టలోకి కారుతుంది. ఆ రసం కొవ్వునీ మాంసాన్నీ జీర్ణం చేసేది, అది రక్తనాళం గోడని వదిలిపెడుతుందా? ఆపరేషన్ అయిన వారం పదిరోజులకి ఒక్కసారిగా బ్లీడింగ్ అవుతుందే, చాలాసార్లు మొదలు అక్కడే. అందుకని వీళ్లలో కోతని ఇంకొంచెం ఎడమకి, రెండు పొరలూ కలిసిపోయిన చోటికి జరిపితే ఒకే ముఖం మిగులుతుంది. దాని కోసం కాస్త ఎక్కువ ప్యాంక్రియాస్ పోతుంది. నేను దానికి ఒప్పుకుంటాను.

ఇక నన్ను మనిషిగా ఎక్కువ కదిలించేది ఇంకొకటి. వెనక మొగ్గ పెరగకపోవడం. వీళ్లకి ప్యాంక్రియాస్ తల మాత్రమే ఉంటుంది. మధ్య భాగం లేదు, తోక లేదు. చాలా చాలా అరుదు. ఇన్సులిన్ తయారుచేసే కణాలు ఎక్కువగా తోకవైపే ఉంటాయి కాబట్టి వీళ్లలో చాలామందికి ముందే షుగర్ ఉంటుంది. ఇప్పుడు ఇలాంటి మనిషికి తలలో గడ్డ వచ్చింది, విపుల్ చేశాం. ఏం మిగిలింది? ఏమీ మిగల్లేదు. మనం కాగితం మీద తల తీశాం అని రాసుకుంటాం, ఆ మనిషికి మాత్రం మొత్తం ప్యాంక్రియాస్ తీసేశాం. జీవితాంతం ఇన్సులిన్, తిన్న ప్రతిసారీ ఎంజైమ్ క్యాప్సూల్స్. ఈ షుగర్ మామూలు షుగర్ లాంటిది కాదు, ఎక్కువ తక్కువలు విపరీతం, పడిపోతే ప్రమాదం. పాడేరు పైన ఒక ఊళ్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ అనుకోండి, ఫ్రిజ్ లేదు, ఇన్సులిన్ ఎక్కడ పెడుతుంది? రాత్రిపూట షుగర్ పడిపోతే ఎవరు చూస్తారు? ఇవన్నీ సంతకం పెట్టించేముందు మాట్లాడాల్సిన విషయాలు. అయినా ఆపరేషన్ వద్దు అనడం లేదు, క్యాన్సర్ అయితే చేయాల్సే రావచ్చు. కానీ ఆ ఇంటివాళ్లకి తెలిసి ఒప్పుకోవాలి.

ప్యాంక్రియాస్ డివిజమ్ గురించి రెండే మాటలు. రెండు మొగ్గల నాళాలు కలవకపోవడం. నూటికి 5 నుంచి 10 మందిలో ఉంటుంది. రిపోర్టులో ఆ పేరు చూసి హడలిపోయి వస్తారు. ఎక్కువమందికి దానివల్ల ఏమీ కాదు. మళ్లీ మళ్లీ ప్యాంక్రియాస్ వాపు వచ్చేవాళ్లలో మాత్రమే ఆలోచిస్తాం.

అసలు ఆపరేషనే అక్కర్లేని తేడా కూడా ఒకటుంది. కొంతమందికి ప్లీహం పక్కన చిన్న పిల్ల ప్లీహం ఉంటుంది. వాళ్లలో కొందరికి అది ప్యాంక్రియాస్ తోక లోపల పుడుతుంది. సీటీలో గుండ్రంగా, బాగా రక్తం పట్టిన గడ్డలా వెలుగుతుంది, అచ్చం న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, అంటే హార్మోన్లు చేసే కణాల నుంచి వచ్చే గడ్డ లాగే. భయపడి తోక కోసేసి, చివరికి బయాప్సీలో ప్లీహం అని వచ్చిన కేసులు ప్రపంచమంతా ఉన్నాయి. ఆ ముక్క మందు ఎక్కించాక తీసే అన్ని ఫేజుల్లోనూ ప్లీహంతో పాటే వెలుగుతోందా చూడండి. అనుమానం ఉంటే వేడిచేసిన ఎర్ర కణాలతో చేసే న్యూక్లియర్ స్కాన్ ఉంది, ప్లీహం కణజాలం అయితే అందులో తెలుస్తుంది. ఒక మనిషికి పెద్ద ఆపరేషన్ తప్పుతుంది.

మరి ఇవన్నీ పట్టుకునే సీటీ ఎలా ఉండాలి? ఇక్కడే మన ఊళ్లో చిక్కు. శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి, కొరాపుట్, రాయగడ నుంచి పేషెంట్లు వస్తారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో రెండు ఫిల్ములు, ఒక రిపోర్టు. చాలాసార్లు మందు ఎక్కించకుండా తీసిన సీటీ. దాంట్లో గడ్డ ఉందని తెలుస్తుందేమో గానీ ధమని ఎటు పోతోందో తెలియదు. కావాల్సింది ప్యాంక్రియాస్ ప్రోటోకాల్. కాంట్రాస్ట్ మందు ఎక్కించాక సుమారు 40, 45 సెకన్లకి ఒకసారి, 70 సెకన్ల దగ్గర ఇంకోసారి, మిల్లీమీటరు పలచని ముక్కలుగా తీయాలి. ఫిల్ము చాలదు, డిస్క్ కావాలి, దాంట్లో అన్ని చిత్రాలూ ఉంటాయి, మేం కంప్యూటర్లో కిందకీ పైకీ తిప్పి చూసుకుంటాం. ఇళ్లవాళ్లు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. స్కాన్ సెంటర్లో డిస్క్ అడిగి తీసుకోండి, పారేయకండి.

డాక్టర్లకి ఒక మాట. సీటీ రిక్వెస్టు మీద కడుపు నొప్పి, కామెర్లు అని రాసి పంపితే రేడియాలజిస్టు గడ్డ కోసం చూస్తారు, అది ఆయన తప్పు కాదు. విపుల్ ప్లాన్ చేస్తున్నాం, హెపాటిక్ ఆర్టరీ ఎక్కడినుంచి వస్తోంది, సీలియాక్ మొదలు ఎలా ఉంది, రాయండి అని రాసి పంపండి. అప్పుడు చూస్తారు. అంతకన్నా మంచిది, ఆపరేషన్ ముందురోజు వెళ్లి ఆయన పక్కన కూర్చోవడం. మన ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది, వందేళ్లు దాటింది, తరాల తరబడి పిల్లలు డిసెక్షన్ హాల్లో నిలబడి అనాటమీ నేర్చుకున్నారు. ఆ టేబుల్ మీద చూసింది ఒక మనిషి అనాటమీ. రేపు పొద్దున్న మీ ముందు పడుకునేది వేరే మనిషి.

ఏమ్మా, చెయ్యెత్తారు, అడగండి. ఆ... మా నాన్నకి కామెర్లు ఉన్నాయి, ముందు పిత్తనాళంలో స్టెంట్, అంటే చిన్న గొట్టం వేయమంటున్నారు, సీటీ తర్వాత చేద్దామంటున్నారు, ఏది ముందు అని అడుగుతున్నారు. అందరికీ పనికొచ్చే ప్రశ్న అమ్మా. వీలైతే సీటీ ముందు. స్టెంట్ వేశాక తీస్తే దాని నీడ పడుతుంది, ఒక్కోసారి ఆ ప్రొసీజర్ వల్ల ప్యాంక్రియాస్ వాచిపోతుంది, అప్పుడు గడ్డ ఏదో వాపు ఏదో, ధమని చుట్టూ ఉన్నది ఏదో చెప్పడం కష్టం. చలిజ్వరం వస్తున్నా, పైత్యంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఆగకూడదు, అప్పుడు ముందు స్టెంటే, ఆయన ప్రాణం ముఖ్యం. నాన్నగారికి జ్వరం ఉందా? లేదా, సరే. కిడ్నీ పరీక్ష, క్రియాటినిన్, చేయించారా? అది చూసుకుని, రేపే మందు ఎక్కించి సీటీ తీయించండి, డిస్క్ తీసుకుని మీ సర్జన్ దగ్గరికి వెళ్లండి. స్టెంట్ అసలు కావాలా వద్దా అన్నది కూడా అది చూశాకే ఆయన చెబుతారు. నెక్స్ట్ ఎవరు?